అద్దె ఇల్లు, అడ్వాన్సు, కన్స్యూమర్ కోర్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు ఖాళీ చేశాం. ఓనరు అడ్వాన్సు ఇవ్వడం లేదు. కన్స్యూమర్ కోర్టులో కేసు వేయొచ్చా?

అందరూ అడిగేది ఇదే, ఎక్కువమందికి తప్పు సలహా దొరికేదీ ఇక్కడే. వేయకండి. ఇల్లు అద్దెకివ్వడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 లెక్కలో ‘సేవ’ కిందికి రాదు. చట్టంలో గృహ నిర్మాణం ఉంది కానీ ఉత్త అద్దె లేదు. ఫిర్యాదు వేస్తే విచారణకు తీసుకునే దశలోనే వెనక్కి రావచ్చు. అక్కడ గట్టెక్కినా, ఓనరు తరఫు వకీలు మొదట ఎత్తే అభ్యంతరం అదే అవుతుంది. ఈలోగా ఏడాది గడిచిపోతుంది.

అడ్వాన్సు అంటే మీకు రావాల్సిన బాకీ సొమ్ము. దానికి దారి సివిల్ కోర్టు. ఆ సొమ్ము మీకు చెల్లించాల్సిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి.

అయితే ఇంటి చుట్టూ ఉన్న మిగతా గొడవల్లో కొన్ని కన్స్యూమర్ కమిషన్‌కే (జనం కన్స్యూమర్ కోర్టు అనేది దీన్నే) వెళ్తాయి. కమీషన్ తీసుకుని చెప్పిన ఇల్లు ఇప్పించని బ్రోకరు, సామాను విరగ్గొట్టిన ప్యాకర్స్ అండ్ మూవర్స్, భోజనం, శుభ్రం చేయడం అన్నీ కలిపి నెలకింత అని వసూలు చేసే హాస్టలు, ఫ్లాటు సమయానికి అప్పగించని బిల్డరు, వీళ్లు మీకు సేవ అమ్మినవాళ్లు. ఓనరు అమ్మింది సేవ కాదు, ఇంట్లో ఉండే హక్కు. ఏ గుమ్మం తట్టాలో ఈ తేడాయే తేలుస్తుంది.

మరి అడ్వాన్సు రాబట్టుకునేదెలా?

గొడవ మొదలయ్యాక కాదు, తాళాలు ఇచ్చే రోజే పని మొదలుపెట్టాలి. ఆ రోజు గోడలు, బాత్రూము, కిచెన్ గట్టు, కరెంటు మీటరు ఫొటోలు తీయండి. అంతకంటే ముఖ్యం ఒక కాగితం. ఇలా రాస్తే చాలు:

“ఈ రోజు ఉదయం 11 గంటలకు ఫ్లాటు నంబరు 302 తాళాలు మూడు (మెయిన్ డోరువి రెండు, బాల్కనీది ఒకటి) ఓనరు గారికి అప్పగించాను. కరెంటు మీటరు రీడింగు 8412. ఫ్యాన్లు 4, ట్యూబులైట్లు 5, గీజరు 1 పని చేస్తున్నాయి. అడ్వాన్సు 45,000 రూపాయల్లో నీళ్ల బిల్లు 640 మినహాయించి 44,360 రూపాయలు పదిహేను రోజుల్లో నా ఖాతాకు పంపుతారు.”

కింద తేదీ, ఇద్దరి సంతకాలు. ఓనరు సంతకం పెట్టనంటే అదే విషయం ఆ రోజే ఫొటోలతో సహా వాట్సాప్‌లో పంపండి. జవాబుగా ఆయన “సరే బాబూ, చూద్దాం” అన్నా మీకు పనికొస్తుంది. తాళాలు అందలేదని తర్వాత అనలేరు. చాలా కేసులు చతికిలపడేది ఇక్కడే. తాళాలు వాచ్‌మన్ చేతిలో పెట్టి వచ్చేస్తారు, ఇల్లు అప్పగించిన తేదీకి రుజువు ఉండదు, ఓనరు మరో రెండు నెలల అద్దె లెక్క కడతాడు.

చెప్పిన గడువు దాటాక లీగల్ నోటీసు పంపండి. వకీలు పంపితే బరువు ఉంటుంది కానీ మీరే రాసుకుని సంతకం చేసి స్పీడ్ పోస్టులో పంపినా చెల్లుతుంది. రసీదు, అందినట్టు చూపే ట్రాకింగ్ పేజీ ప్రింటు దాచుకోండి.

దావా వేసే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ కేసు పెట్టి చూడండి. ఈ దారి చాలామందికి తెలియదు. మామూలు కాగితం మీద అర్జీ రాసి ఒప్పందం, నోటీసు నకళ్లు జత చేస్తే చాలు, కోర్టు ఫీజు లేదు. ఇద్దర్నీ పిలిచి మాట్లాడిస్తారు. రాజీ కుదిరితే అది లోక్ అదాలత్ అవార్డు అవుతుంది. దానికి సివిల్ కోర్టు డిక్రీతో, అంటే అమలు చేయించుకోదగ్గ తీర్పుతో, సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. అవతలివాళ్లు రాకపోతే బలవంతం చేయలేరు, అదొక్కటే లోటు. ఫోన్ చేసి అడగాలంటే 15100. మూడేళ్ల గడువు మీద మాత్రం మీ కన్ను ఉండాలి.

పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకుంటారు. అది సబబేనా?

ఒప్పందంలో రాసి ఉంటే సబబే. రాయకపోతే ఆస్తి బదిలీ చట్టం, 1882లోని సెక్షన్ 108 చూడాలి. ఇల్లు తీసుకున్నప్పటి స్థితిలోనే తిరిగివ్వాలి కానీ మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల అద్దెదారు నెత్తిన పడదు. మూడేళ్లలో వెలిసిన రంగు అరుగుదల. పిల్లలు గోడంతా గీసిన స్కెచ్ పెన్ను గీతలు, డ్రిల్లు పెట్టి ఊడగొట్టిన టైల్సు అరుగుదల కావు. హైదరాబాద్‌లో ఈ కోత ఎంత మామూలైపోయిందంటే, ఏడాది కూడా ఉండనివాళ్ల దగ్గరా పూర్తి నెల అద్దె పట్టుకుంటున్నారు. ఇంట్లో దిగేటప్పుడే “రెండేళ్లు దాటాక ఖాళీ చేస్తే పెయింటింగ్ ఖర్చు ఓనరుదే” అని ఒక వాక్యం రాయించుకోండి.

చివరి రెండు నెలల అద్దె అడ్వాన్సులో సర్దుకోమనొచ్చా?

ఓనరు ఒప్పుకుంటేనే, అదీ రాతలో. మీ అంతట మీరే అద్దె ఆపేస్తే బాకీ పెట్టినవారవుతారు, న్యాయం మీ వైపున్నా కేసులో చేయి కిందవుతుంది. అడ్వాన్సు రాదని గట్టి అనుమానం ఉన్నవాళ్లు ఈ పని చేస్తుంటారు, ఎందుకు చేస్తారో అర్థం చేసుకోవచ్చు. కానీ ఆ రెండు నెలలూ కరెంటు, నీళ్ల బిల్లులైనా వేళకు కట్టి రసీదులు ఉంచుకోండి.

11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదంటారు కదా?

దేశంలో చాలా చోట్ల అది నిజం. మన దగ్గర కాదు. కేంద్ర చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17ని సవరించి స్థిరాస్తి లీజులన్నిటినీ అందులోకి తెచ్చింది. అంటే 11 నెలల కిటుకు వేరే రాష్ట్రాల నుంచి అరువు తెచ్చుకున్న అలవాటు. 100 రూపాయల స్టాంపు పేపరు మీద రాసి, నోటరీ చేయించి బీరువాలో పెట్టిన కాగితానికి మనం అనుకున్నంత బలం లేదు.

అలాగని అది చిత్తు కాగితమూ కాదు. మీరు ఆ ఇంట్లో అద్దెకు ఉన్నారని చూపడానికి, అంటే ప్రధానం కాని అనుబంధ విషయాలకు, కోర్టు దాన్ని చూస్తుంది. అందులోని షరతులు, ఏటా 10 శాతం పెంపో, ఏడాది దాకా ఖాళీ చేయకూడదన్న లాకిన్నో, ఆ కాగితం చూపి నిలబెట్టుకోవడం కష్టం. అప్పుడు సాధారణంగా మీది నెలవారీ అద్దె అవుతుంది. స్టాంపు సుంకం తక్కువపడినా ఇంకో చిక్కు ఉంది. కోర్టులో ఆ కాగితం దాఖలు చేయాలంటే తక్కువపడిన సుంకం, దానిపై 10 రెట్ల వరకు జరిమానా కట్టాల్సి రావచ్చు. ఇంటికి కాకపోయినా, లక్షలు పెట్టి ఇంటీరియర్ చేయించే షాపుకో ఆఫీసుకో లీజు తీసుకునేవాళ్లు రిజిస్టర్ చేయించుకోకపోవడం చేజేతులా తెచ్చుకునే నష్టం.

రెంట్ కంట్రోల్ చట్టం మాకు వర్తిస్తుందా?

తెలంగాణలో 1960 నాటి భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయించడం) నియంత్రణ చట్టమే నడుస్తోంది. 2005 సవరణతో మున్సిపల్ కార్పొరేషన్లలో నెల అద్దె 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన భవనాలు దాని పరిధి నుంచి బయటికి వెళ్లాయి. ఇవాళ 3,500కి హైదరాబాద్‌లో గది దొరకడమే గగనం. కాబట్టి ఈ చట్టం మిగిలింది చాలావరకు తాతల కాలం నుంచి నడుస్తున్న పాత మల్గీలకు (దుకాణాలకు), పాత బస్తీ ఇళ్లకు. మిగతా అందరికీ ఆస్తి బదిలీ చట్టమే దిక్కు.

చట్టం పరిధిలో ఉన్నవాళ్లకు గట్టి రక్షణే ఉంది. కావాలని అద్దె ఎగ్గొట్టడం, రాతపూర్వక అనుమతి లేకుండా వేరేవాళ్లకు ఇవ్వడం, ఓనరుకు నిజంగా సొంత అవసరం ఉండటం వంటి కారణాలు రెంట్ కంట్రోలర్ ముందు రుజువైతేనే ఖాళీ చేయించాలి. ‘అద్దె ఎగ్గొట్టాడు’ అనిపించడానికి ఓనరు అద్దె తీసుకోకుండా తిప్పడం పాత ఎత్తు. అలా జరిగితే బ్యాంకు పేరు చెప్పమని రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. పది రోజుల్లో చెప్పకపోతే మనీ ఆర్డరు పంపాలి. అదీ తిప్పి పంపితే కంట్రోలర్ దగ్గర జమ చేయాలి. ఈ వరస తప్పకూడదు.

ఆంధ్రప్రదేశ్ 2017లో నివాస, నివాసేతర ప్రాంగణాలకు వేరే అద్దె చట్టం చేసుకుంది. అక్కడివాళ్లు తెలంగాణ సెక్షన్లు చూసి నోటీసులు రాయకూడదు.

ఒప్పందం నడుస్తుండగా అద్దె పెంచొచ్చా?

ఒప్పందంలో లేకపోతే మధ్యలో పెంచలేరు. గడువు ముగిశాక కొత్త అద్దె అడగొచ్చు. ఒప్పుకోవడమా, ఖాళీ చేయడమా మీ ఇష్టం.

ఖాళీ చేయించడానికి ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి?

ఒప్పందంలో వేరే గడువు లేకపోతే నెలవారీ అద్దెకు 15 రోజులు, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 కింద. నోటీసు రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి, మీకు అందిన రోజు నుంచి లెక్క. పోస్టులో పంపొచ్చు, చేతికివ్వొచ్చు, ఇంట్లోవాళ్లకు ఇవ్వొచ్చు, అవేవీ కుదరకపోతే తలుపుకి అంటించవచ్చు. గడువులో ఒకటి రెండు రోజులు తగ్గాయన్న సాకు మునుపు పనిచేసేది. 2002 చివర్లో వచ్చిన సవరణ తర్వాత, దావా పూర్తి గడువు దాటాకే వేసి ఉంటే ఆ అభ్యంతరం నిలవదు.

నోటీసు గడువు ముగిసినంత మాత్రాన ఓనరు సామాను బయట పెట్టడానికి వీల్లేదు. దావా వేసి డిక్రీ తెచ్చుకోవాలి. నోటీసు అందగానే భయపడి సర్దుకునేవాళ్లకు, నోటీసును చింపి పారేసేవాళ్లకు ఇద్దరికీ చెప్పేది ఒకటే: జవాబు రాయండి.

ఊరెళ్లి వచ్చేసరికి తాళం మార్చేశారు. ఏం చేయాలి?

ఆ రోజే పోలీసు స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. “ఇది సివిల్ మేటర్” అని పంపేస్తారు కొన్నిసార్లు. ఖాళీ చేయించడం సివిల్ మేటరే, అందుకే దాన్ని పోలీసులు గానీ ఓనరు గానీ సొంతంగా చేయకూడదు. తర్వాత స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, 1963 సెక్షన్ 6 కింద స్వాధీనం తిరిగి ఇప్పించమని దావా వేయాలి. గడువు ఆరు నెలలే. ఇందులో యాజమాన్యం గొడవ ఉండదు. మీరు అక్కడ ఉన్నారా, మీ ఇష్టం లేకుండా, చట్టప్రకారం కాకుండా వెళ్లగొట్టారా అన్నదే ప్రశ్న. ఈ డిక్రీ మీద అప్పీలు కూడా లేదు. గ్యాస్ బిల్లు, కరెంటు బిల్లు, పార్సిళ్ల మీది అడ్రసు, పక్కింటివాళ్ల మాట ఇక్కడ అక్కరకొస్తాయి.

కరెంటు కట్ చేస్తే?

తాత్కాలిక ఇంజంక్షన్ (ఓనరును ఆపే మధ్యంతర ఉత్తర్వు) కోరుతూ సివిల్ కోర్టుకు వెళ్లాలి. రెంట్ కంట్రోల్ పరిధిలో ఉంటే కంట్రోలర్‌కే అర్జీ పెట్టుకోవచ్చు. కరెంటు మౌలిక అవసరమనీ, ఓనరు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వలేదన్న కారణంతో అద్దెదారుకు కనెక్షన్ నిరాకరించకూడదనీ సుప్రీంకోర్టు 2022లో దిలీప్ వర్సెస్ సతీశ్ కేసులో చెప్పింది. విద్యుత్ చట్టం, 2003 కూడా కనెక్షన్ అడిగే హక్కు ఓనరుకే కాక, ఇంట్లో ఉంటున్నవాళ్లకూ ఇచ్చింది.

మేముండగానే ఇల్లు అమ్మేశారు.

కొన్నవాళ్లు మీకు కొత్త ఓనరు అవుతారు, అద్దె ఒప్పందం ఎగిరిపోదు. అమ్మకం సంగతి తెలియక పాత ఓనరుకే అద్దె కట్టి ఉంటే మళ్లీ కట్టనక్కర్లేదు. అడ్వాన్సు ఎవరి దగ్గరుందో ఇద్దరి చేతా రాయించుకోండి. రిజిస్ట్రేషన్ హడావిడిలో మాయమయ్యే సొమ్ము అదే.

రిపేర్లు చేయించరు. అద్దెలో కోసుకోవచ్చా?

ఓనరు చేయించాల్సిన రిపేరు అయితే ముందు రాతపూర్వకంగా చెప్పి, సహేతుకమైన గడువు ఇచ్చి, అప్పటికీ కదలకపోతే మీరు చేయించి బిల్లు మేరకు అద్దెలో మినహాయించుకోవచ్చు. ప్లంబరు చేత రసీదు రాయించుకోవడం మరవకండి.

ఓనరు అమెరికాలో ఉంటారు. అద్దె వాళ్ల నాన్నగారికి ఇస్తున్నాం. ఏమైనా ఇబ్బందా?

పన్ను దగ్గర ఉంది. ఓనరు ఇక్కడి నివాసి అయితే నెల అద్దె 50,000 దాటినప్పుడే వ్యక్తులు 2 శాతం టీడీఎస్ (అద్దె ఇచ్చేటప్పుడే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయాలి. ఓనరు నాన్ రెసిడెంట్ అయితే ఆ పరిమితి వర్తించదు. అద్దె 12,000 అయినా టీడీఎస్ కోసి కట్టాలి, రేటు 30 శాతం పైన 4 శాతం సెస్, అంటే 31.2. ఓనరు పన్ను శాఖ నుంచి తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. వాళ్ల నాన్నగారి ఖాతాలో వేసినా ఆదాయం ఎవరిదో వారి లెక్కే. అవతలి వైపు ఓనర్లకూ ఒక మాట: ఖాళీ చేయించే దావా కోసం విదేశంలో సంతకం చేసి పంపే పవర్ ఆఫ్ అటార్నీకి ఇక్కడ అందిన మూడు నెలల్లో స్టాంపు సుంకం కట్టించాలి.

ఇక కన్స్యూమర్ కేసు. ఏ కమిషన్‌లో వేయాలి?

మీరు చెల్లించిన ధర చూడాలి, అడిగే నష్టపరిహారం కాదు. 50 లక్షల వరకు జిల్లా కమిషన్, అక్కడి నుంచి 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆపైన ఢిల్లీలో జాతీయ కమిషన్. 38,000 పెట్టి కొన్న ఫ్రిజ్ పేలి 60 లక్షల నష్టం అడిగినా జిల్లా కమిషనే. ఈ లెక్క న్యాయమేనా అని సవాలు చేస్తే సుప్రీంకోర్టు 2025లో చట్టాన్నే సమర్థించింది.

ఊరి సంగతికొస్తే, మీరు నివసించే చోట లేదా పని చేసే చోట వేయొచ్చు. 2019 చట్టం తెచ్చిన పెద్ద సౌకర్యం ఇది. కరీంనగర్‌లో కూర్చుని బెంగళూరు కంపెనీ మీద కరీంనగర్‌లోనే కేసు వేయొచ్చు. బిల్లు వెనక ‘వివాదాలన్నీ ముంబై పరిధిలోనే’ అని ఉందని వెనకాడొద్దు.

ఫీజు ఎంత? వకీలు తప్పనిసరా?

చెల్లించిన ధర 5 లక్షల వరకు ఫీజు లేదు. 10 లక్షల వరకు 200, 20 లక్షల వరకు 400, 50 లక్షల వరకు 1,000 రూపాయలు. వకీలు అక్కర్లేదు. ఫోన్లు, ఫ్రిజ్‌లు, రీఫండ్‌లు మీరే వాదించుకోవచ్చు. వైద్య నిర్లక్ష్యం, బీమా క్లెయిమ్, బిల్డరు కేసులకు వకీలును పెట్టుకోవడమే మంచిది.

ముందు కంపెనీతో తేల్చుకోవాలా?

చట్టం తప్పనిసరి చేయలేదు. కానీ 15 రోజుల నోటీసు ఇవ్వని ఫిర్యాదు బోసిగా ఉంటుంది. 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తే చిన్న మొత్తాలు చాలాసార్లు అక్కడే తెమిలిపోతాయి. ఆన్‌లైన్ కొనుగోళ్లలో కంపెనీ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ఆ టికెట్ నంబర్లన్నీ దాచండి.

జాగ్రత్త, కన్స్యూమర్ ఫిర్యాదు వేయడానికి ఉన్న రెండేళ్ల గడువు లోపం లేదా నిరాకరణ జరిగిన రోజు నుంచి నడుస్తుంది. మెయిళ్లు, నోటీసులు రాస్తూ పోతే గడువు పెరగదు. ‘ఎస్కలేట్ చేశాం సార్’ అని కస్టమర్ కేర్ ఏడాదిన్నర తిప్పడం వెనక ఈ లెక్క ఉన్నా ఆశ్చర్యం లేదు. దాటితే ఆలస్యానికి కారణం చెబుతూ వేరే అర్జీ పెట్టి ఒప్పించాలి.

ఫిర్యాదులో ఏమేం ఉండాలి?

ఎవరు, ఎవరి మీద, పూర్తి అడ్రసులతో. ఏం కొన్నారు, ఎప్పుడు, ఎంతకు. లోపం ఏమిటి, ఎప్పుడు బయటపడింది. గడువులోపే వేశామని, ఈ కమిషన్‌కు పరిధి ఉందని రెండు పేరాలు. చివరికి ఏం కావాలో అంకెల్లో: సొమ్ము 38,000, ఏ తేదీ నుంచి ఎంత వడ్డీ, మానసిక వేదనకు ఎంత, ఖర్చులు ఎంత. “తగిన న్యాయం చేయగలరు” అని వదిలేస్తే తగినంతే వస్తుంది. దానికి అఫిడవిట్ (ప్రమాణ పత్రం), పత్రాల జాబితా జత చేయాలి. మన కమిషన్లలో మీ పత్రాలకు ఎ-1, ఎ-2 అని, అవతలివాళ్లవాటికి బి-1, బి-2 అని గుర్తులు పడతాయి. మొదటి నుంచీ ఆ వరసలోనే పేర్చుకుంటే వాదన మీకే సులువు.

దాఖలు ఈ-జాగృతి పోర్టల్‌లో చేయొచ్చు. తరచూ జరిగే పొరపాటు, షోరూము ఒక్కదాని మీదే వేయడం. తయారీ లోపమైతే తయారీదారునూ, సర్వీస్ సెంటరు తిప్పితే దాన్నీ చేర్చాలి. లేకపోతే ఎవరికి వారు ‘తప్పు నాది కాదు’ అని గైర్హాజరైనవాళ్ల మీదికి నెట్టేస్తారు. పరీక్ష చేస్తే తప్ప తేలని లోపమైతే వస్తువును ల్యాబుకు పంపుతారు, ఆ ఫీజు ముందు మీరే కట్టాల్సి ఉంటుంది. అందుకని చెడిపోయిన వస్తువును పాత సామాన్లవాడికి ఇచ్చేయకండి.

వాట్సాప్ స్క్రీన్‌షాట్లు చెల్లుతాయా?

చెల్లుతాయి. ఎదుటివాళ్లు కాదన్నా బరువు ఉండాలంటే, ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేయండి. పేరు ఒక్కటే కాక నంబరు, తేదీ కనబడేలా తీయండి, ఫోను మార్చినా చాటు చెరిపేయకండి.

వేశాక ఎన్నాళ్లు పడుతుంది?

చట్టంలో రాసింది మూడు నెలలు, ల్యాబు పరీక్ష అవసరమైతే అయిదు. అంత త్వరగా తేలే కేసులు తక్కువ. చేర్చుకోవాలా వద్దా అన్నది 21 రోజుల్లో తేల్చాలి. తర్వాత నోటీసు వెళ్తుంది. జవాబుకు 30 రోజులు, మహా అయితే మరో 15. 45 రోజులు దాటాక వచ్చిన జవాబు తీసుకోవడానికి కమిషన్‌కు అధికారం లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. నోటీసు అందిన తేదీ రాసి పెట్టుకుని 46వ రోజున ఆ మాట గుర్తుచేయాల్సింది మీరే. తర్వాత సాక్ష్యపు అఫిడవిట్లు, రాతపూర్వక వాదనలు. వాయిదాకు వెళ్లలేకపోతే వీడియో ద్వారా హాజరవుతామని ముందే అర్జీ పెట్టండి. ఊరికే మానేస్తే కేసు కొట్టేస్తారు. పైకి కనబడే పొరపాటు దిద్దడం తప్ప, అలా కొట్టేసిన కేసును జిల్లా కమిషన్ తానే తిరగదోడలేదు, దాని కోసం రాష్ట్ర కమిషన్‌కు అప్పీలుకు పోవాలి.

షాపు కోసం కొన్న మిషన్‌కు కేసు వేయొచ్చా?

వ్యాపారం కోసమైతే లేదు. పొట్టకూటి కోసం సొంతంగా నడుపుకునేదైతే ఉంది. ఒక జిరాక్స్ మిషన్ పెట్టుకుని తానే నడుపుకునేవాడు వినియోగదారుడే. పది బ్రాంచీలకు పది మిషన్లు కొన్నవాడు కాదు. ‘జీవనోపాధి కోసం’ అన్న మాట ఫిర్యాదులోనే రాయాలి, తర్వాత గుర్తొస్తే కుదరదు.

బిల్డరు మీద రెరాకు (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థకు) వెళ్లాలా, కన్స్యూమర్ కమిషన్‌కా?

రెండు దారులూ తెరిచే ఉన్నాయని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. రెండింట్లో ఒకటి ఎంచుకోండి. ప్లాట్ల విషయంలో ఒక గీత ఉంది. ఉత్త స్థలం అమ్మకం సేవ కాదు. లేఅవుట్ వేసి రోడ్లు, డ్రైనేజీ, కరెంటు ఇస్తామని అమ్మితే సేవే. మన రాష్ట్రం నుంచి వెళ్లిన నార్నే కన్‌స్ట్రక్షన్ కేసులో 2012లో తేలిన విషయం ఇది. బ్రోచరు పారేయకండి, ఇచ్చిన మాటలన్నీ ఉండేది అందులోనే.

గెలిచాం. డబ్బు కట్టడం లేదు.

అప్పీలు గడువు 45 రోజులు. అప్పీలుకు వెళ్లాలంటే అవతలివాళ్లు సగం సొమ్ము ముందు జమ చేయాలి. అదీ లేదు, ఇదీ లేదంటే అదే కమిషన్‌లో ఎగ్జిక్యూషన్ (ఉత్తర్వు అమలు చేయించమనే) అర్జీ వేయండి. సెక్షన్ 71 కింద డిక్రీలాగా ఆస్తి జప్తు చేయించవచ్చు. సెక్షన్ 72 కింద నెల నుంచి మూడేళ్ల జైలు, లేదా 25,000 నుంచి లక్ష వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. ఈ రెండో సెక్షన్ కింద అర్జీ వేశాకే చాలా కంపెనీలకు మీ బ్యాంకు ఖాతా నంబరు అవసరమవుతుంది.